కెమెరాలో పడిన పొరుగువాడు

కనాను దేశం ఎలా ఉందో చూసి రమ్మని మోషే 12 మందిని పంపాడు. వాళ్లు 40 రోజులు ఆ దేశమంతా తిరిగారు. ఎష్కోలు లోయలో ఇద్దరు మనుషులు దండె మీద మోయాల్సినంత పెద్ద ద్రాక్షగెల కోసి సాక్ష్యంగా పట్టుకొచ్చారు (సంఖ్యా 13వ అధ్యాయం). చూసింది ఒకే దేశం, నడిచింది ఒకే దారి. కానీ తెచ్చిన కబురు మాత్రం రెండు రకాలు! పదిమంది అక్కడి మనుషుల్ని కొండంత ఎత్తు చేసి, తమను మిడతలతో పోల్చుకుని జనాన్ని హడలగొట్టారు. యెహోషువ, కాలేబు మాత్రం దేశం మంచిదని, దేవుడు తోడుంటే వెళ్లగలమని చెప్పారు. ఆ రాత్రంతా జనం ఏడుస్తూనే ఉన్నారట. చూడని చోటును గురించి చూసొచ్చినవాడు చెప్పే మాటకు అంత బలముంటుంది.

ఈ కాలంలో ఆ పని చేస్తున్నవారిని వ్లాగర్లు అంటున్నారు. ఫోనును ఓ కర్రకు తగిలించుకుని, వెళ్లిన చోటల్లా మాట్లాడుతూ వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టేవారన్నమాట. వాళ్లకు మహా ఇష్టమైన చోట్లలో వినోద పార్కులొకటి. 1996లో మొదలైన రామోజీ ఫిల్మ్‌ సిటీ అయినా, 2016లో రావిర్యాల దగ్గర తెరిచిన వండర్‌లా అయినా పేరు కొడితే చాలు, గేటు దగ్గర టికెట్టు కొన్నప్పటి నుంచి సాయంత్రం బస్సెక్కేదాకా చూపించే వీడియోలు తెలుగులోనే లెక్కలేనన్ని దొరుకుతాయి. మా నారాయణఖేడ్‌లో సండేస్కూలు పిల్లల్ని విహారయాత్రకు తీసుకెళ్దామని అనుకున్న రోజు సాయంత్రానికే మగపిల్లలంతా అక్కడ ఏ ఆట ఎంత భయపెడుతుందో పూసగుచ్చినట్టు చెప్పేస్తున్నారు. వాళ్లలో ఒక్కడు కూడా అక్కడికి వెళ్లినవాడు కాదు.

ఈ వ్లాగర్ల విషయంలో మన సంఘాల్లో అభిప్రాయం ఒక్కటి కాదు. పెద్దలనడిగితే, ఇది ఒళ్లు వంచని సంపాదన, తన ముఖం తానే చూసుకుని మురిసిపోయే రోగం, కుటుంబంతో నాలుగు గంటలు సంతోషంగా గడపాల్సిన చోట కెమెరాతో కబుర్లాడే పిచ్చి అంటారు. యువకులనడిగితే, అయ్యగారూ, వాళ్లేం దొంగతనం చేశారు, కష్టపడి తీసి ఉచితంగా చూపిస్తున్నారు కదా అని ఎదురడుగుతారు. ఈమధ్య యువజన కూడికలో ఈ మాట మీద గంటన్నరసేపు వాదన నడిచింది. ఆ రోజు నేను ప్రసంగం కోసం సిద్ధపడి వెళ్లిన వాక్యభాగం తెరవనేలేదు!

యువకుల మాటలో నిజముందని ముందుగా ఒప్పుకోవాలి. నారాయణఖేడ్‌ ప్రాంతం సంగతి ఎరిగినవారికి చెప్పనక్కర్లేదు. చెరకు కొట్టే కాలంలో కర్ణాటక, మహారాష్ట్రలకు, మిగతా రోజుల్లో కూలికి హైదరాబాద్‌కు వలసపోయే కుటుంబాలు మా తండాల్లో, వాడల్లో ఇప్పటికీ ఉన్నాయి. హైదరాబాద్‌లో అంతస్తు మీద అంతస్తు కట్టిన చేతులు వారివి. ఆ నగరంలో ఒక్క రోజు సరదాగా తిరిగిన కాళ్లు మాత్రం కావు. అలాంటి ఇంట్లో నలుగురు ఒక వినోద పార్కుకు వెళ్లి రావాలంటే పది పదిహేను రోజుల కూలి అక్కడే అయిపోతుంది. పిల్లలు ఏళ్ల తరబడి అడగ్గా అడగ్గా ఒక్కసారి వెళ్లే ప్రయాణమది. నూలుబట్టలతో నీటి ఆటల్లోకి దిగనివ్వరని, ఇంత ఎత్తు లేని పిల్లల్ని ఫలానా ఆట ఎక్కించుకోరని, ఇంటి నుంచి తెచ్చిన సద్ది గేటు దగ్గరే ఆపేస్తారని అక్కడికి వెళ్లాక తెలిస్తే ఆ తండ్రి ఏం చేస్తాడు? ఇవన్నీ ముందే చెప్పిన వ్లాగరు ఆ కుటుంబానికి మేలే చేశాడు.

మా సంఘంలో మంచం పట్టిన ఒక అవ్వ ఉంది. బీదర్‌ ఆసుపత్రి దాటి ఆమె ఎక్కడికీ పోలేదు. మనవడి ఫోన్లో అలల కొలను చూస్తూ, గీ నీళ్లల్ల గంతమంది ఒక్కపారి ఎట్ల మునుగుతున్నరు బిడ్డా అని నన్నడిగింది. ఆ వీడియో తీసిన కుర్రాడెవరో నాకు తెలియదు. ఆ అవ్వ నోట నవ్వు పుట్టించినందుకు అతనికి దేవుడు మేలు చేయాలని మనసులో అనుకున్నాను.

అయినా సరదా చోటుకూ కెమెరాకూ ఉన్న చుట్టరికం ఇవాళ్టిది కాదు. యూట్యూబ్‌లో మొట్టమొదట పెట్టిన వీడియో 2005 ఏప్రిల్‌ నాటిది. ఆ సంస్థ స్థాపకుల్లో ఒకరైన జావెద్‌ కరీం అమెరికాలోని శాండియాగో జంతు ప్రదర్శనశాలలో ఏనుగుల ముందు నిలబడి వాటి తొండాల గురించి మాట్లాడిన 19 సెకన్ల ముక్క అది! ఇంకా వెనక్కి వెళ్తే, 1955 జూలై 17, ఆదివారం నాడు కాలిఫోర్నియాలో డిస్నీల్యాండ్‌ ప్రారంభాన్ని ఏబీసీ టీవీ ప్రత్యక్షంగా చూపించింది. వ్యాఖ్యానం చెప్పిన ముగ్గురిలో ఒకరు ఆ తర్వాత అమెరికా అధ్యక్షుడైన రోనాల్డ్‌ రీగన్‌. టీవీలో అంతా పండగలా కనిపించింది. అక్కడున్నవారు పడింది వేరు. దొంగ టికెట్లతో వచ్చినవారు కూడా తోసుకురావడంతో పార్కు కిక్కిరిసింది, ఎండకు కొత్త తారు కరిగి ఆడవాళ్ల చెప్పుల మడమలు దిగబడ్డాయి, ప్లంబర్ల సమ్మె వల్ల మంచినీటి కొళాయిలు చాలినన్ని పనిచేయలేదు. అందులో పనిచేసినవారే ఆ రోజును నల్ల ఆదివారం అని పిలుచుకున్నారు. ఏది చూపించాలో, ఏది చూపించకూడదో కెమెరా పట్టుకున్నవాడే నిర్ణయిస్తాడని ఆనాడే రుజువైపోయింది.

పెద్దల మాట దగ్గరికి వద్దాం. తన గొప్ప తాను చూపించుకోవాలనే యావ గురించి వారనేది కొట్టిపారేయదగింది కాదు. బబులోను నుంచి పరామర్శకు వచ్చినవారికి హిజ్కియా రాజు తన ఖజానా, వెండి బంగారాలు, సుగంధ ద్రవ్యాలు, ఆయుధశాల అన్నీ తిప్పి తిప్పి చూపించాడు (2 రాజులు 20వ అధ్యాయం). ఈ రోజుల్లో యూట్యూబ్‌లో ‘హోమ్‌ టూర్‌’ అంటున్నారే, అదన్నమాట! యెషయా వచ్చి వాళ్లేం చూశారని అడిగితే, చూపించనిది ఏదీ లేదని రాజు దాపరికం లేకుండా జవాబిచ్చాడు. ఆ చూపించిందంతా ఒకనాడు బబులోనుకు తరలిపోతుందని ప్రవక్త చెప్పాడు. ఇక నమ్మకాన్ని అమ్ముకునేవారి సంగతి మరీ ఘోరం. 2025 మార్చిలో హైదరాబాద్‌లో బెట్టింగ్‌ యాప్‌లను ప్రచారం చేశారంటూ పలువురు సినిమా నటుల మీద, యూట్యూబర్ల మీద పోలీసులు కేసులు పెట్టారు. అన్నా, తమ్ముడూ అని పలకరిస్తూ ఇంట్లో మనిషిలా దగ్గరైనవాడు చెప్పాడని అప్పు చేసి మరీ ఆడి మునిగిపోయిన పిల్లలు ఏ ఊళ్లో లేరు? డబ్బు తీసుకుని పొగిడే వ్లాగరు ఆ సంగతి చూసేవారికి చెప్పకపోతే, అది కూడా అబద్ధ సాక్ష్యమే.

అయితే పెద్దలు ఆడంబరం దగ్గరే, యువకులు ఉపయోగం దగ్గరే ఆగిపోతున్నారు. వ్లాగరుకు ఏమవుతుంది, చూసేవాడికి ఏమవుతుంది అన్నంతవరకే వారి వాదన. కెమెరా తన ముఖం మీదికి తిప్పుకుని మాట్లాడేవాడి భుజం వెనక నిలబడినవారి సంగతి ఎవరూ ఎత్తడం లేదు.

రెండేళ్ల కిందట మా సంఘ స్త్రీలూ, సండేస్కూలు పిల్లలూ రెండు బస్సుల్లో హైదరాబాద్‌ శివార్లలోని ఒక వినోద పార్కుకు వెళ్లారు. ఆ రోజే ఒక యువకుడు అక్కడ వీడియో తీసుకుంటున్నాడు. అలల కొలను దగ్గర అతను మాట్లాడుతుండగా, వెనక మా సంఘ సోదరి ఒకామె తడిసిన బట్టలతో, జుట్టు విరబోసుకుని, చిన్నపిల్లలా కేరింతలు కొడుతూ నాలుగైదు సెకన్లు కనిపించింది. పెళ్లయిన పదేళ్లలో ఆమె అలా నవ్విన రోజు అదొక్కటే కావచ్చు. ఎవరో ఆమెను గుర్తుపట్టి ఆ ముక్కను కత్తిరించి ఊరి వాట్సాప్‌ గ్రూపుల్లో తిప్పారు. దాని కింద రాసిన రాతలు ఇక్కడ రాయదగ్గవి కావు. అత్తగారింట్లో పంచాయితీ అయింది. మూడు నెలలు ఆమె ఆరాధనకు రాలేదు. చర్చికి వస్తే అందరూ ఆ వీడియో చూసినవారే కదా అని మా ఇంటామెతో అన్నదట.

మా యువకులు ఆ వ్లాగరును వెతికి ఫోన్‌ చేశారు. చెడ్డవాడేం కాదు. ఆ రాత్రికి రాత్రే ఆ భాగం తీసేశాడు, క్షమించమన్నాడు. అప్పటికి వాట్సాప్‌లో తిరిగిన ముక్కలను మాత్రం ఎవరూ వెనక్కి తేలేకపోయారు. అతనన్న ఒక మాట నాకు ఇంకా గుర్తుంది. ‘నేను ఆమెను చూడనేలేదు సార్‌’ అన్నాడు. అబద్ధమాడలేదనే నా నమ్మకం. యెరికో దారిలో దెబ్బలు తిని పడివున్నవాణ్ని యాజకుడు చూశాడు, లేవీయుడూ చూశాడు, చూసి పక్కనుంచి వెళ్లిపోయారు (లూకా 10వ అధ్యాయం). ఇక్కడ ఆ మాత్రం చూపు కూడా లేదు! వేలమందికి చూపించినవాడు తాను మాత్రం చూడలేదు. ఆమె అతనికి మనిషి కాదు, వెనక తెర.

చట్టం ఏమంటుందని అడిగేవారుంటారు. బట్టలు మార్చుకునే స్త్రీని రహస్యంగా చిత్రీకరిస్తే భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్‌ కింద శిక్షించదగిన నేరం. వ్యక్తిగత గోప్యత మన ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చి చెప్పింది. డిస్నీ పార్కులు 2015లో సెల్ఫీ కర్రల్ని నిషేధించాయి. కదిలే ఆటల్లో కర్ర బయటికి చాపితే ప్రమాదమని వారు చూపిన కారణం. తల పగలకుండా చూడడానికి నిబంధన వచ్చింది. పరువు పగలకుండా చూడవలసింది మాత్రం చాలావరకు కెమెరా పట్టుకున్నవాడి మనస్సాక్షే. నలుగురూ తిరిగే చోట తీశాను కదా అనే మాట ఒక్కటి చాలు, అతను పక్కకు తప్పుకుపోవడానికి.

ద్రాక్షారసం తాగి నోవహు తన గుడారంలో వస్త్రహీనుడై పడివున్నప్పుడు హాము చూశాడు. చూసినవాడు ఊరుకోలేదు, బయటికి వెళ్లి అన్నదమ్ములకు చెప్పాడు. షేము, యాపెతులు వస్త్రం ఒకటి భుజాల మీద వేసుకుని, వెనక్కి వెనక్కి నడుస్తూ వెళ్లి, ముఖం అటు తిప్పకుండానే తండ్రికి కప్పారు (ఆదికాండము 9వ అధ్యాయం). సెమినరీలో ఈ భాగం చదువుకున్నప్పుడు హాముకు వచ్చిన శాపం ఎవరికి, ఎందుకు తగిలిందన్న చర్చ మీదే మా ధ్యాసంతా ఉండేది. ఈ వయసులో చదువుతుంటే ఆ వెనక్కి నడిచిన నడకే కళ్లముందు నిలుస్తోంది. తప్పు నోవహుదే. అయినా అతని తప్పు అతని సిగ్గును బయటపెట్టే హక్కును కొడుక్కు ఇవ్వలేదు. మరి ఏ తప్పూ చేయక, టికెట్టు కొనుక్కుని నీళ్లల్లో ఆడుకున్న ఆడపిల్ల సంగతి?

వెనక తెరలో పడినవారి మాట సరే, సొంత పిల్లల మాటేమిటి? వ్లాగర్లలో భార్యాపిల్లలతో సహా వీడియోలు తీసేవారు చాలామంది. వినోద పార్కు వీడియోకు పిల్లల కేరింతలే ప్రాణం. పాప భయపడి ఏడిస్తే అది ఇంకా ఎక్కువమంది చూస్తారు కాబట్టి, ఆ ఏడుపు ముఖాన్నే వీడియో బొమ్మగా పెట్టేవారున్నారు. 2024 జూలైలో మన తెలుగువాళ్లందర్నీ కలవరపెట్టిన ఘటన గుర్తుండే ఉంటుంది. ఒక తండ్రీ, చిన్నారి కూతురూ ఉన్న సరదా వీడియో మీద ఒక యూట్యూబరు తన స్నేహితులతో కలిసి నోటితో చెప్పలేని మాటలన్నాడు. నటుడు సాయిధరమ్‌ తేజ్‌ ఆ విషయాన్ని బయటపెట్టి ప్రభుత్వాన్ని కోరగా, తెలంగాణ పోలీసులు బెంగళూరులో అతన్ని అరెస్టు చేశారు. పోక్సో చట్టం కింద కూడా కేసు పెట్టారు. ఆ తండ్రిది ప్రేమే. సందేహం లేదు. కానీ ఒకసారి లోకం చేతికిచ్చిన బిడ్డ బొమ్మను ఎవరు ఏ కళ్లతో చూస్తారో తండ్రి చేతిలో లేదు.

ఫ్రాన్స్‌ 2020లో ఒక చట్టం తెచ్చింది. 16 ఏళ్లలోపు పిల్లలతో తీసే వీడియోల ద్వారా వచ్చే ఆదాయంలో వారి వాటాను వారి కోసమే భద్రం చేయాలి. తన వీడియోలను తీసేయమని అడిగే హక్కు కూడా ఆ బిడ్డకుంటుంది. అమెరికాలోని ఇల్లినాయిస్‌ రాష్ట్రంలో కూడా 2024 జూలై నుంచి పిల్లల వాటా విడిగా దాచాలనే చట్టం అమల్లో ఉంది. వాళ్లకు ఈ ఆలోచన ఊరికే రాలేదు. 1921లో చార్లీ చాప్లిన్‌తో నటించి పేరు తెచ్చుకున్న బాలనటుడు జాకీ కూగన్‌ పెద్దయ్యాక చూసుకుంటే, తన సంపాదనలో చాలాభాగాన్ని కన్నతల్లీ, మారుతండ్రీ ఖర్చు చేసేశారని తెలిసింది. ఆ తర్వాతే కాలిఫోర్నియాలో 1939లో బాలనటుల ఆదాయాన్ని కాపాడే చట్టం పుట్టింది. పొలంలో, ఇటుకబట్టీలో పిల్లాడు కనిపిస్తే బాలకార్మికుడంటాం. కెమెరా ముందు కనిపిస్తే ముద్దొస్తున్నాడంటాం!

యాయీరు అనే సమాజమందిరపు అధికారి కూతురికి 12 ఏళ్లు. ఆమె చనిపోయిందని ఇల్లంతా గుంపు, ఏడుపులు, పెడబొబ్బలు. లోకమంతా చాటుకోదగిన అద్భుతం అక్కడ జరగబోతోంది. యేసుప్రభువు ఏం చేశాడు? అందర్నీ బయటికి పంపేశాడు. తల్లినీ తండ్రినీ, ముగ్గురు శిష్యులనూ తప్ప ఎవర్నీ గదిలోకి రానివ్వలేదు. ఆ పిల్ల లేచి నడిచాక ఈ సంగతి ఎవరికీ తెలియనివ్వొద్దని గట్టిగా చెప్పి, ఆమెకు తినడానికేదైనా పెట్టమన్నాడు (మార్కు 5వ అధ్యాయం). చచ్చిబతికిన పిల్లను జనం వింతగా చూడడం కంటే ఆమె ఆకలి ఆయనకు ముఖ్యమైంది.

ఇంతదాకా చదివి, బాగా గడ్డిపెట్టారు ఆ యూట్యూబోళ్లకు అని సంతోషించే పెద్దలు కాస్త ఆగాలి. దేవుని ఇంటి దగ్గరే తీర్పు మొదలవుతుందని పేతురు రాశాడు (1 పేతురు 4:17). 2020లో కరోనా వచ్చి చర్చిలు మూతపడినప్పుడు పాస్టర్లమందరం కెమెరాలు, స్టాండ్లు కొన్నాం. అవసరానికి కొన్నాం, మంచిదే. ఆ తర్వాత తలుపులు తెరుచుకున్నాయి, కెమెరాలు మాత్రం లోపలే ఉండిపోయాయి. ఈ రోజు ముందుకొచ్చి మోకరించి తన ఇంటి బాధ చెప్పుకుని ఏడుస్తున్న తల్లి ముఖం మీదికి కెమెరా దగ్గరగా వెళ్తోంది. రోగి సాక్ష్యం పూర్తికాకముందే ఊరు పేరుతో సహా యూట్యూబ్‌లో ఎక్కుతోంది. మంజీర ఒడ్డున బాప్తిస్మం పొంది తడిబట్టలతో పైకొస్తున్న అక్కచెల్లెళ్లను మన సంఘ కుర్రాళ్లే ఫోన్లలో తీసి, పాట జోడించి పెడుతున్నారు. అలల కొలను దగ్గర తప్పయింది మంజీర దగ్గర ఎలా ఒప్పయింది? వీధుల్లో బూర ఊదించుకుని దానం చేసేవారిని యేసుప్రభువు ఖండించాడు (మత్తయి 6వ అధ్యాయం). ఆ రోజుల్లో బూర ఊదినవాడు కనీసం తన గొప్పే చాటుకున్నాడు. మనం పక్కవాడి కన్నీళ్లతో బూర ఊదుతున్నాం.

మెదక్‌ చర్చి 1924 డిసెంబర్‌ 25న ప్రతిష్ఠ అయింది. కరువు రోజుల్లో ఆకలితో ఉన్నవారికి పని కల్పించి, ఆ కూలితో అన్నం పెట్టి పాస్నెట్‌ దొర కట్టించిన మందిరమది. 2024లో నూరేళ్లు నిండాయి. క్రీస్తు పుట్టుక, సిలువ, ఆరోహణ దృశ్యాలున్న ఆ రంగు అద్దాల కిటికీలను చూడడానికి అన్ని మతాలవాళ్లూ వస్తారు, ఫోటోలు, వీడియోలు తీసుకుంటారు. రానివ్వండి, తీసుకోనివ్వండి. ఆ గాజు మీద పడే వెలుగును ఎంతమంది చూస్తే అంత మంచిది. అదే మందిరంలో ఓ మూల కళ్లు మూసుకుని కూర్చున్న మనిషి మాత్రం కిటికీ కాదు.

మా సంఘంలో వచ్చే సెలవులకు మళ్లీ పార్కుకు వెళ్లాలని నిర్ణయమైంది. ఈసారి మా యువకులే వీడియో తీస్తామన్నారు. వద్దనలేదు. దారి, ఖర్చు, ఆటలు, భోజనం అన్నీ చూపించమన్నాను, తండాల్లోని వారికి పనికొస్తుంది. నీటి ఆటల దగ్గర మాత్రం ఫోన్లు సంచిలో పెట్టి సంఘ పెద్దకు అప్పగించాలి. ఎవరి ముఖమైనా కనిపిస్తే వారిని అడిగాకే పెట్టాలి. పిల్లలైతే తల్లిదండ్రులతో పాటు ఆ పిల్లవాణ్ని కూడా అడగాలి. దీనికి ఒక కుర్రాడు, అందర్నీ అడుగుతూ కూర్చుంటే వీడియో ఎప్పుడు తీస్తామయ్యగారూ అన్నాడు. తక్కువ తీస్తారు అన్నాను. పెద్దల్లో ఇద్దరు అసలు కెమెరానే వద్దని ఇంకా పట్టుబడుతున్నారు, వచ్చే ఆదివారం కమిటీలో మళ్లీ మాట్లాడాలి. స్త్రీల బస్సుకు ఇప్పటికి 31 పేర్లొచ్చాయి. మూడు నెలలు ఆరాధనకు రాని ఆ సోదరి తన పేరుతో పాటు కూతురి పేరు కూడా రాయించింది.